ఫీటుకు ఎంత పడుతది? అంకణం నుంచి చదరపు అడుగు దాకా



పోయిన వారం మా తమ్ముని కొడుకు చేతిల టేపు పట్టుకొని ఇంటికొచ్చిండు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది, ముగ్గు పోసుడే మిగిలింది. కూసోకముందే అడిగిండు: "పెద్దబాపూ, ఫీటుకు ఎంత పడుతది?"

"ఏ ఫీటు?" అన్న నేను. వాడు నా మొఖం చూసిండు. ముగ్గురు మేస్త్రీలను అడిగిండట, ముగ్గురు మూడు రేట్లు చెప్పిండ్రట. ఏ రేట్ల ఏముంది, ఏం లేదు అని వాళ్ళు చెప్పలేదు, వీడు అడగలేదు. తక్కువ చెప్పినాయన రేటును పట్టుకొని, సర్కారు ఇచ్చే 5 లక్షలు తీసేసి, మిగిలిన 3 లక్షలు రెండు రూపాయల మిత్తికి తెద్దామని లెక్క గట్టిండు. 3 లక్షలకు నూటికి రెండు అంటే నెలకు 6,000, ఏడాదికి 72,000. మన చేతికి పత్తి మీద ఎంత మిగులుతదో మీకు నేను చెప్పనక్కర లేదు. లెక్క లక్ష తప్పితే ఆ మిత్తి ఇంకో 24,000 పెరుగుతది. ఇంటికి ముగ్గు పోసేనాడు జరిగే తప్పు ఐదారు పంటల దాకా మనల్ని విడువదు.

వానితో రెండు గంటలు కూసున్న. ఆ ముచ్చట్ల నుంచే ఈ రాత. అసలు ఇంటి ఖర్చును చదరపు అడుగులతో కొలిచే పద్ధతి ఎక్కడిది, మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ఊర్లకు ఎప్పుడొచ్చింది, అది ఎక్కడ సరిపోతది, ఎక్కడ మోసం చేస్తది అన్నదే ఇక్కడి ముచ్చట. కొంచెం పొడుగు ఉంటది, ఓపికతో చదువుండ్రి.

మన తాతల కాలంల ఇంటిని ఫీట్లల్ల చెప్పేటోళ్ళు కాదు. "మూడు అంకణాల ఇల్లు", "ఐదు అంకణాల ఇల్లు" అనేటోళ్ళు. అంకణం అంటే రెండు దూలాల నడుమ జాగా. బ్రౌన్ దొర నిఘంటువుల కూడా ఇదే అర్థం ఉంటది. నెల్లూరు, తిరుపతి దిక్కు ఇప్పటికీ ప్లాట్లు అంకణాల లెక్కన అమ్ముతరు. ఒక చోట అంకణం అంటే 36 చదరపు అడుగులు, ఇంకో చోట 72. మన దిక్కు ఆ మాట ఇంటి కాడనే ఆగిపోయింది, జాగాకు గజాలు, పొలానికి గుంటలు వచ్చినయి.

ఈ అంకణం లెక్కల ఒక తెలివి ఉంది. మట్టి ఇంట్ల మట్టి మనదే, రాయి మన చెల్కలదే, నీళ్ళు మన బావియే. పిరమైన వస్తువు ఒక్కటే, కట్టె. ఇంకో అంకణం పెంచాలంటే ఇంకో దూలం, దాని కింద ఇంకో రెండు స్తంభాలు, దాని మీదికి వాసాలు కావాలె. అంటే అంకణం అన్నది జాగా కొలత ఒక్కటే కాదు, ఖర్చు కొలత కూడా. ఐదు అంకణాలు అన్నంక వడ్లాయన ఎన్ని దూలాలు, ఎన్ని వాసాలు కావాలెనో మనసులనే లెక్కేసేటోడు. ఏ వస్తువు పిరమో దాన్నే కొలతగా పెట్టుకున్నరు. ఇది గుర్తు పెట్టుకోండ్రి, ముందట మళ్ళ దీని కాడికే వస్తం.

మరి కూలి? వడ్లాయనకు, కమ్మరాయనకు కల్లం కాడ గింజలు ముట్టేవి. గోడ పెట్టుడుకు ఇంటి మంది, పాలోళ్ళు, ఇరుగుపొరుగు దిగేటోళ్ళు, వాళ్ళింటికి మనం పోయేటోళ్ళం. పైసల రూపంల ఖర్చు పెద్దగ లేనప్పుడు ఫీటుకు ఇన్ని పైసలు అన్న మాటకు జాగనే లేదు.

గడీల సంగతి వేరే. పాలకుర్తి మండలం విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీ ముచ్చట మన జనగామోళ్ళకు కొత్త కాదు. పక్కనే కడవెండిల 1946 జులై 4న దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు ఒరిగిండు. గడీల కాలమంతా వెట్టి కాలం. రాళ్ళు మోసిన బండి వెట్టి, సున్నం తొక్కిన ఎడ్లు వెట్టి, మట్టి పిసికిన మనిషి వెట్టి. కూలి ఇయ్యని ఇంటికి ఎస్టిమేటు ఎట్ల ఏస్తరు? ఎవలన్న "గడీకి అప్పట్ల ఎంతయిందట" అని అడిగితే నాకు నవ్వొస్తది. దొర జేబుల నుంచి పోయింది కొంచెం, ఊరి ఒంట్ల నుంచి పోయింది ఎంతో.

ఇంకా వెనుకకు పోతే కాకతీయులు. మన భూపాలపల్లి జిల్లాల గణపురం కోటగుళ్ళు ఉన్నయి. పక్కనే పాలంపేట రామప్ప గుడి ఉంది. అది 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాల ఉండె, ఇప్పుడు ములుగు. ఆ గుడిని 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిండు. శిఖరం బరువు తగ్గనీకి నీళ్ళ మీద తేలేటంత తేలిక ఇటుకలు వాడిండ్రు. పునాదిల ఇసుక నింపిండ్రు. నాకు నచ్చింది ఏందంటే, గుడి నడవనీకి ఊర్లు రాసిచ్చిండ్రు. కట్టినంక ఏటేటా అయ్యే ఖర్చు ఎక్కడి నుంచి రావాలెనో ముందే ఆలోచించిండ్రు. మనం ఇల్లు కట్టినంక సున్నం ఖర్చు, మోటరు ఖర్చు, కరెంటు ఖర్చు లెక్కేస్తమా?

సరే, జాగా కొలిచి మేస్త్రీకి పైసలిచ్చుడు ప్రపంచంల ఎప్పటి నుంచి ఉంది? దాదాపు 3,700 ఏండ్ల కింద బాబిలోన్‌ల, అంటే ఇప్పటి ఇరాక్‌ల, హమ్మురాబి అనే రాజు తన చట్టాలను నల్ల రాయి మీద చెక్కించిండు. ఆ రాయి ఇప్పుడు పారిస్‌ల లూవ్ర్ మ్యూజియంల ఉంది. దాంట్ల 228వ చట్టం ఇల్లు కట్టెటోని కూలి గురించే: ఒక్కో 'సార్' ఇంటికి రెండు షెకెళ్ళ వెండి. సార్ అంటే సుమారు 36 చదరపు మీటర్లు, మన లెక్కల 387 చదరపు అడుగులు. చూసిండ్రా? మన ఇందిరమ్మ ఇంటికి కనీసం 400 అడుగులు అన్నరు, దాదాపు అదే సైజు!

ఇంకో ముచ్చట కూడా తీసిన. అదే చట్టంల కూలోనికి రోజుకు ఆరు గింజల ఎత్తు వెండి అని ఉంది, అది ఏడాదిల మొదటి ఐదు నెలలకు. షెకెల్ అంటే 180 గింజల ఎత్తు. అంటే రెండు షెకెళ్ళు 360 గింజలు, అరవై రోజుల కూలి. ఒక 'సార్' ఇంటికి మేస్త్రీ కూలి అరవై రోజుల కూలికి సమానం. మీ ఊర్ల కూలి రేటు పెట్టి, మీ మేస్త్రీ అడిగిన రేటు పెట్టి మీరే లెక్కేసుకోండ్రి, 3,700 ఏండ్లల ఏమన్న మారిందా చూడండ్రి. దాని తర్వాతి చట్టం, 229వది, ఇంకా గట్టిది. కట్టిన ఇల్లు కూలి యజమాని సస్తే, కట్టినోనికి మరణశిక్ష. జాగా లెక్కన కూలి తీసుకునెటోడు తొందర తొందరగ కట్టి ఇంకో ఇంటికి ఉరుకుతడని ఆ రాజుకు తెలుసన్నట్టు.

ఇంగ్లీషోళ్ళ కాడ మాత్రం చాన ఏండ్లు జాగా లెక్క కాదు, ఘనపుటడుగుల లెక్క నడిచింది. పొడుగు, వెడల్పు, ఎత్తు మూడూ గుణించి, ఘనపుటడుగుకు ఇంత అని ఇంటి ఖర్చు అంచనా కట్టేటోళ్ళు. ఎందుకంటే బంగళాల కప్పు ఒక్కోటి ఒక్కో ఎత్తు. మన పాత డాక్‌బంగ్లాలు, రైల్వే క్వార్టర్లు చూసినోళ్ళకు తెలుస్తది, పదిహేను అడుగుల ఎత్తు గోడలు. అక్కడ జాగా ఒక్కటే కొలిస్తే లెక్క తప్పుతది. తర్వాత సిమెంటు స్లాబ్ వచ్చి కప్పు ఎత్తు అన్ని ఇండ్లకు దాదాపు పది అడుగులయింది. ఎత్తు అందరికీ ఒక్కటే అయినంక దాన్ని గుణించుడు దండగ అనిపించి, చదరపు అడుగు ఒక్కటి మిగిలింది. నాకు తోచినకాడికి, ఫీటు రేటు మన ఊర్లకు స్లాబ్‌తోనే వచ్చింది. పెంకుటింటికి ఫీటు రేటు అడిగినోడు మా చిన్నప్పుడు లేడు.

స్లాబ్ మన దగ్గరికి ఆలస్యంగ వచ్చిన కారణం పైసలు లేకనే కాదు, సిమెంటు దొరకక కూడా. 1982 ఫిబ్రవరి 28 దాకా సిమెంటు మొత్తం సర్కారు కంట్రోల్ల ఉండె. ఆ రోజు కొంత వదిలిండ్రు, 1989 మార్చి 1న పూరాగ వదిలిండ్రు. అప్పటి పెద్దమనుషులను అడగండ్రి, పర్మిట్ సిమెంటు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన కథలు చెప్తరు. దొరకని వస్తువుకు రేటు ఎట్ల చెప్తరు? సిమెంటు బజార్ల దొరుకుడు మొదలైనంకనే "ఫీటుకు ఇంత" అనే మాట నిలబడ్డది.

ఇంతల సర్కారు ఇండ్లు వచ్చినయి. ఉమ్మడి రాష్ట్రంల గృహనిర్మాణ సంస్థ 1979ల పెట్టిండ్రు. కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన 1985-86ల మొదలై, 1996 జనవరి 1 నుంచి విడి పథకమైంది. దాంట్ల ఇల్లు కనీసం 20 చదరపు మీటర్లు, అంటే 215 చదరపు అడుగులు. ఇచ్చిన సాయాన్ని ఆ 215తోని భాగించి చూసిన, మంచి చరిత్ర బయటపడ్డది. 1990ల చివర మైదాన ప్రాంతానికి 20,000 ఇచ్చిండ్రు, ఫీటుకు 93 రూపాయలు. 2004ల 25,000, అంటే 116. 2008ల 35,000, అంటే 163. 2010ల 45,000, అంటే 209. 2013ల 70,000, అంటే 325. 2016ల పథకం పేరు మారి ప్రధానమంత్రి ఆవాస్ అయింది, ఇల్లు 25 మీటర్లు, అంటే 269 అడుగులకు పెరిగింది, సాయం 1,20,000, ఫీటుకు 446. ఇవి కేంద్రం లెక్కలు. రాష్ట్రం కలిపినవి, అప్పు రూపంల ఇచ్చినవి వేరే ఉంటయి. ఇరవై ఏండ్లల ఫీటు రేటు దాదాపు ఐదింతలైంది. మన వడ్ల ధర అదే కాలంల ఎన్నింతలైందో మీ తక్‌పట్టీలు తీసి చూసుకోండ్రి.

తెలంగాణ వచ్చినంక 2015 అక్టోబరుల డబుల్ బెడ్రూం ఇండ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, పల్లెలల్ల ఇంటికి 5,04,000. భాగించండ్రి: కచ్చితంగ ఫీటుకు 900. రోడ్లు, నీళ్ళు, కరెంటు లాంటి వాటికి ఇంకో 1,25,000 వేరే పెట్టిండ్రు. అంటే ఆఫీసుల కూసున్నోళ్ళు ముందు 900 అనుకొని, దాన్ని 560తోని గుణించిండ్రని అర్థమైతుంది. ఆ రేటుకు గిట్టుబాటు కాదని చాన చోట్ల కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు, పిలిచిన టెండర్లు మళ్ళ మళ్ళ పిలిచిండ్రు. పట్నంల అంతస్తుల మీద అంతస్తులు కడితే ఒక రేటు, పల్లెల విడి ఇల్లు కడితే ఇంకో రేటు. అంతస్తుల ఇంట్ల పునాది ఒక్కటే, కింది ఇంటి కప్పే పై ఇంటికి నేల. పల్లెల ఒక్కో ఇంటికి పునాది వేరే, కప్పు వేరే, నాలుగు దిక్కుల గోడ వేరే.

ఇప్పుడు ఇందిరమ్మ. 2024 మార్చి 11న భద్రాచలంల మొదలుపెట్టిండ్రు. ఇంటికి 5 లక్షలు, ఇల్లు 400 అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. బేస్‌మెంటుకు లక్ష, గోడలకు లక్షా పాతిక వేలు, స్లాబ్‌కు లక్షా డెబ్బై ఐదు వేలు, పూర్తయినంక లక్ష. 400 అడుగులు కడితే సర్కారు పైసలు ఫీటుకు 1,250 పడుతయి, 600 కడితే 833 పడుతయి. మనోళ్ళు ఎక్కువ మంది "ఎట్లన్న కడుతున్నం కద, 600 కడదాం" అంటరు. తప్పు లేదు, పిల్లలు పెద్దగైతరు. కాని ఆ 200 అడుగులు మొత్తం మీ జేబు నుంచే అన్నది ముగ్గు పోసేటప్పుడే తెలువాలె.

ఇక్కడ మావోనికి చెప్పిన లెక్క మీకూ చెప్త. వాని జాగా సన్నగ పొడుగ్గ ఉంది. పది అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు ఇల్లు అనుకున్నడు, 400 అడుగులు. బయటి గోడ చుట్టు కొలత ఎంత? వంద అడుగులు. ఇప్పుడు ఇరవై వెడల్పు, ముప్పై పొడుగు ఇల్లు తీసుకోండ్రి. 600 అడుగులు. చుట్టు కొలత? అదే వంద. అంటే బయటి గోడ, దాని కింది పునాది, దాని ప్లాస్టరు రెండింటికీ ఒక్కటే! ఇరవై ఇరవై కడితే 400 అడుగులకు చుట్టు కొలత ఎనభైయే. సన్న ఇంటికి ఫీటు రేటు ఎప్పుడూ ఎక్కువే. గట్టు పొడుగు ఎక్కువున్న సన్న మడికి దున్నుడు ఖర్చు ఎక్కువైనట్టే ఇది. ట్రాక్టరు తోలెటోనికి ఇది చెప్పక్కర్లేదు. చిన్న ఇల్లయినా వంటర్ర ఒక్కటే, బాత్రూం ఒక్కటే, బోరు ఒక్కటే, మీటరు ఒక్కటే. ఆ ఖర్చును 400తోని భాగిస్తే ఎక్కువ, 600తోని భాగిస్తే తక్కువ. మేస్త్రీ పెద్ద బంగ్లాకు చెప్పిన రేటును మన చిన్న ఇంటికి పట్టుకొచ్చి గుణిస్తే తక్కువ లెక్క వచ్చేది అందుకే.

ఇంకోటి, నేను దెబ్బ తిన్న ముచ్చట. 2011ల నా ఇల్లు కట్టిన. ఇరవై ఇంటూ ముప్పై. కూలి గుత్త, ఫీటుకు 120 అని మాట. 600 ఇంటూ 120, 72,000 అనుకున్న. పని అయినంక మేస్త్రీ స్లాబ్ మీదికెక్కి టేపు పట్టిండు. నాలుగు దిక్కుల అడుగున్నర చూరు బయటికి పోసినం. అంటే ఇరవై మూడు ఇంటూ ముప్పై మూడు, 759 అడుగులు. 159 అడుగులు ఎక్కువ, 19,080 రూపాయలు. కొట్లాడిన, మాటలన్న, ఊరి పెద్దలను పిలిచిన. ఆయన తప్పు లేదు, అందరికీ స్లాబ్ మీదనే కొలుస్తడట, నేనే అడగలేదు. ఆ యాసంగి వడ్లు అమ్మి కట్టిన.

అందుకే మావోడు రాంగనే "ఏ ఫీటు?" అని అడిగిన. లోపల చాప పరిచే జాగా ఒక కొలత, దాన్నే కార్పెట్ ఏరియా అంటరు. గోడలు కలిపి నేల మీద ఇల్లు ఆక్రమించిన జాగా ఇంకో కొలత, అది ప్లింత్ ఏరియా. స్లాబ్ కొలత మూడోది. వీటిని ఎట్ల కొలవాలెనో చెప్పనీకి మన దేశంల ఒక ప్రమాణమే ఉంది, ఐఎస్ 3861 అంటరు. ఇంజనీర్లు ప్లింత్ ఏరియా మీదనే అంచనా కడుతరు. ఇరవై ఇంటూ ముప్పై ఇంటికి తొమ్మిది అంగుళాల గోడలు పెడితే, బయటి గోడలే దాదాపు 73 అడుగులు మింగుతయి. లోపలి గోడలు వేరే.

ఇగ నేల సంగతి. ఇది మనకు తెలిసినంత పట్నం ఇంజనీరుకు తెల్వదు. జనగామ దిక్కు చల్క, మొరం ఉన్న కాడ పునాది తొందరగ గట్టి పడుతది. మానుకోట, భూపాలపల్లి దిక్కు నల్లరేగడి ఉన్న కాడ ఎండాకాలం నెర్రెలిచ్చి, వానకాలం ఉబ్బుతది. ఆ నేల మీద పునాది లోతు పోవాలె, ఖర్చు మట్టిలకే పోతది. ఒకే ప్లాను, ఒకే మేస్త్రీ, రెండు ఊర్లల్ల రెండు రేట్లు. ఫీటు రేటు చెప్పెటోడు నేల చూడకుండ చెప్తే నమ్మకండ్రి.

ఎత్తు కూడ అంతే. ఫీటు లెక్కల పడిపోయిన ఆ ఎత్తు, వరదొచ్చిననాడు మళ్ళ గుర్తొస్తది. 2023 జులై 27న భూపాలపల్లి పక్కన మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. తెల్లారేసరికి జనం స్లాబుల మీదికెక్కి నిలబడ్డరు, హెలికాప్టర్లు రావలసొచ్చింది. మరుసటేడు సెప్టెంబరు 1న మానుకోట జిల్లాల ఆకేరు పొంగింది, మరిపెడ మండలం సీతారాం తండా నీళ్ళల్ల నిలబడ్డది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకపోయింది. మట్టిగోడల ఇండ్లు ఆ నీళ్ళకు నానినయి. వాగు పక్కన ఉన్నోళ్ళు బేస్‌మెంటు ఇంకో అడుగు లేపితే ఎంతైతదో లెక్కేయండ్రి: ఇరవై ఇంటూ ముప్పైకి ఒక్క అడుగు అంటే 600 ఘనపుటడుగుల మొరం, ట్రిప్పుకు వంద లెక్కన ఆరు ట్రాక్టర్లు. దానికి తోడు వంద అడుగుల చుట్టు గోడ ఒక్క అడుగు ఎత్తు. ఇల్లు 600 అడుగులే ఉంటది, ఫీటు రేటే పెరుగుతది. పెరగనీయండ్రి. ఇంట్లకు నీళ్ళొచ్చినోళ్ళను అడగండ్రి, వాళ్ళెవరూ ఆరు ట్రాక్టర్ల మొరం దండగ అనరు.

పాతిల్లు బాగుచేసుకునేటోళ్ళకు రెండు మాటలు. మరమ్మతుకు నేల ఫీటు లెక్క అస్సలు పనికిరాదు. ఇరవై ఇంటూ ముప్పై పెంకుటిల్లు అనుకోండ్రి. నడుమ కొప్పు, రెండు దిక్కుల వాలు, రెండడుగుల చూరు. పన్నెండు అడుగుల అడ్డానికి ఆరడుగుల ఎత్తు వాలు అయితే ఒక్కో దిక్కు పదమూడున్నర అడుగుల దాకా వస్తది. పొడుగు చూరుతోని ముప్పై నాలుగు. రెండు దిక్కులు కలిపితే 912 అడుగుల కప్పు! నేల 600, కప్పు దానికి ఒకటిన్నర. రేకుల దుకాణంల 600 అని చెప్పి పైసలు తీసుకపోతే సగం కప్పి ఇంటికి రావలసొస్తది. సున్నం, రంగులు అంతే. పది అడుగుల ఎత్తు గోడకు వంద అడుగుల చుట్టు కొలత అంటే ఒక్క దిక్కే వెయ్యి అడుగులు, లోపల బయట కలిపి రెండు వేలు, నడిమి గోడలు వేరే. అందుకే మరమ్మతుల కప్పును కప్పుగ, గోడను గోడగ, గచ్చును గచ్చుగ కొలువాలె. మట్టిగోడల మీద స్లాబ్ పోద్దాం అనెటోడు వస్తే మాత్రం ఇంట్లకే రానీయకండ్రి, ఎంత తక్కువ రేటు చెప్పినా సరే.

మళ్ళ అంకణం కాడికి వస్త. అప్పట్ల పిరమైంది కట్టె, దాన్నే కొలత చేసుకున్నరు. ఇప్పుడు పిరమైనవి సలాక, సిమెంటు, కూలి. మేస్త్రీల అడ్డలెక్క ఏందంటే పిల్లర్ల ఇంటికి ఫీటుకు దాదాపు 0.4 బస్తా సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు కిలోల సలాక. 600 అడుగులకు 240 బస్తాలు, 21 నుంచి 24 క్వింటాళ్ళ సలాక. పిల్లర్లు లేకుండ గోడల మీద స్లాబ్ పోస్తే సలాక తగ్గుతది. ఈ రెండింటికీ మీ మండలంల ఈ వారం రేటు తెలుసుకొని గుణించండ్రి, కూలి గుత్త వేరే రాయండ్రి, ఇసుక కిరాయి, ఇటుక, తలుపులు, కరెంటు, నల్లా వేరే వేరే రాయండ్రి. అన్నీ కలిపి చివర 600తోని భాగించండ్రి. అప్పుడు వచ్చేది మీ ఇంటి ఫీటు రేటు. మేస్త్రీ చెప్పిన రేటు పక్కన దాన్ని పెట్టి చూడండ్రి. ఇటుకకు భూపాలపల్లి దిక్కోళ్ళకు ఒక సులువుంది, చెల్పూరు కాకతీయ థర్మల్ బూడిదతోని చేసే ఇటుకలు దగ్గరలనే దొరుకుతయి, కిరాయి కలిసొస్తది.

సిమెంటు కొనేటప్పుడు బిల్లు అడగండ్రి. 2017 జులై నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం ఉండె, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. పన్ను లేని ధర 300 అనుకుంటే బస్తా 384 నుంచి 354కు రావాలె, 30 రూపాయలు తక్కువ. 240 బస్తాలకు 7,200. అది మీ చేతికొస్తుందా, నడుమనే ఆగుతుందా అన్నది బిల్లు చూస్తెనే తెలుస్తది.

మావోడు కాగితం మీద అన్నీ రాసుకొని పోయిండు. ఇరవై ఇంటూ ఇరవై రెండు దగ్గర ఆగిండు, 440 అడుగులు. ముందటికి రెండు అర్రలు పెంచుకునేటట్టు సలాకలు బయటికి వదులుతడట. అప్పు 3 లక్షల నుంచి లక్షన్నరకు తగ్గింది. కూలి గుత్త కాగితంల "స్లాబ్ మీద కాదు, ప్లింత్ మీద కొలత" అని రాయించిండు, చూరుకు వేరే రేటు మాట్లాడిండు. బేస్తవారం ముగ్గు.

మీ ఇండ్లల్ల తాతలు, నాయనలు రాసిన పాత ఇంటి ఖర్చు పుస్తకాలు ఉంటే బయటికి తీయండ్రి. దూలానికెంత ఇచ్చిండ్రు, డంగు సున్నం బండికెంత ఇచ్చిండ్రు, సుతారికి పైసలిచ్చిండ్రా గింజలిచ్చిండ్రా, ఫోటో తీసి నాకు పంపండ్రి. మా నాయన రాసిన పుస్తకం చెదలు తిన్నది. పెంకుల లెక్క ఉన్న పేజీ ఒక్కటే మిగిలింది.